నోరు తిరగనిది ఎవరికి? కూడబలుక్కునే పాఠాలు, వాడ పిల్లలు

తెలుగులో మొదటి చదువుకు ఓనమాలు అని పేరు. ఆ మాట ‘ఓం నమః శివాయ’ నుంచి పుట్టింది. అంటే వీధిబడిలో ఇసుకల వేలుపెట్టి దిద్దించిన మొదటి పాఠం అక్షరం కాదు, మంత్రం. ఆ మంత్రం చెవిన పడే అర్హతే లేదని మన తాతలను అరుగు అవతల నిలబెట్టిన్రు. అరుగు పోయింది, ప్రభుత్వ బడి వచ్చింది, పలక చేతికొచ్చింది. పేరు మాత్రం అట్లనే ఉన్నది. పేరొక్కటే అయితే ఇంత రాసే పని లేకుండె. అక్షరాలు నేర్పే వరుస కూడా ఆ అరుగు మీదిదే.

దళిత విమర్శ పాఠ్యపుస్తకాన్ని వదిలిపెట్టలేదు. పాఠంలో ఎవరి దేవుళ్ళున్నారు, ఎవరి తిండి ఉంది, ఎవరి పండుగ ఉంది అని గట్టిగనే అడిగింది. కంచ ఐలయ్య 1996లో ‘వై ఐ యామ్ నాట్ ఎ హిందూ’లో బడి భాషకూ ఇంటి భాషకూ నడుమ ఉన్న గోడను చూపించిండు. కాని మన చర్చ ఎక్కువగా చదవడం వచ్చిన పిల్లగాడి చుట్టే తిరిగింది. చదవడమే రాని పిల్లగాడు పాఠం లోపల ఎవరున్నారో చూడనే లేడు. పాఠంలోకి పోయే తలుపు గురించి, అంటే ఏ అక్షరం ముందు, ఏ మాట ముందు అన్న సంగతి గురించి మనం తక్కువ మాట్లాడినం. అది టీచర్ల ట్రైనింగు వ్యవహారమని, మన వాదానికి సంబంధం లేదని అనుకున్నం.

ఇప్పుడు ఆ వ్యవహారం మన ఇంటి ముందుకొచ్చింది. కేంద్రం 2021లో నిపుణ్ భారత్ ప్రకటించింది, తెలంగాణ 2022లో తొలిమెట్టు మొదలుపెట్టింది. మూడో తరగతి దాటేలోపు పిల్లలకు చదవడం, లెక్క రావాలన్నది వీటి లక్ష్యం. ఇట్లాంటి కార్యక్రమాలతో పాటే ఒక మాట తిరుగుతున్నది: డీకోడబుల్ టెక్స్ట్. పిల్లకు అప్పటిదాకా నేర్పిన అక్షరాలు, గుర్తులతోనే రాసిన పాఠమని దాని అర్థం. నేర్పని అక్షరం అందులో ఒక్కటి కూడా రాదు. దీనికి కొత్త పేరు వెతకాల్సిన పని లేదు, మన ముసలోళ్ళ దగ్గర మాట ఉంది. కూడబలుక్కొని చదువుడు. అక్షరం అక్షరం కూడగట్టి పలికితే మాట కావాలి. అట్ల అయ్యే పాఠాన్ని మేము కూడబలుకు పాఠం అంటున్నం.

దీని సత్తా ఏమిటో ఒక చిన్న లెక్కలో చూడొచ్చు. త, ల, ప, క, వ, డ, గ అన్న ఏడు అక్షరాలు తీసుకోండి. గుణింతం లేదు, ఒత్తు లేదు. తల, కల, వల, పలక, పడక, గడప, తడక, పడవ, కలప, పగ. పది మాటలు పిల్ల సొంతంగా చదువుతది, ఎవరూ చెప్పకుండనే. అదే వర్ణమాల వరుసలో క, ఖ, గ, ఘ, ఙ నేర్పండి. వారం రోజుల తర్వాత ఆ అయిదింటితో ఒక్క పనికొచ్చే మాట రాయమనండి. ఙ కు ఒక్క మాటయినా చూపమనండి. నోటిలో ధ్వని పుట్టే చోటును బట్టి సంస్కృత పండితులు కట్టిన వరుస అది. శాస్త్రంగా గొప్పదే, కాదనం. కాని అది అక్షరాలన్నీ వచ్చినవాడి కోసం కట్టిన పట్టిక, అక్షరం రాని పిల్ల కోసం కట్టిన మెట్లు కాదు.

గోడ మీది పటం సంగతి ఇంకా విచిత్రం. అ అంటే అమ్మ. అ ఒక్కటే నేర్చుకున్న పిల్ల ‘అమ్మ’ను చదవలేదు. అందులో మ ఉన్నది, దాని కింద మ ఒత్తు ఉన్నది, ఆ ఒత్తు మ లాగ కూడా ఉండదు. ఆ మొదటి మాటనే పిల్ల బొమ్మ చూసి వల్లె వేస్తది, చదవదు. తర్వాత ఋ అంటే ఋషి, ఐ అంటే ఐరావతం, ఖ అంటే ఖడ్గం, ధ అంటే ధనుస్సు, శ అంటే శంఖం, య అంటే యజ్ఞం. ఇది ఎవరి ఇల్లు? యజ్ఞంలో జ్ఞ ఎట్ల పలకాలో పండితులకే ఏకాభిప్రాయం లేదు. మనం చూస్తూ పెరిగిన పటాల్లో ఢ దగ్గర ఢంకా ఉన్నది, డ దగ్గర డప్పు లేదు. రాజుగారి వాయిద్యానికి గోడ మీద చోటు దొరికింది, ఊరు ఊరంతా పెళ్ళికీ చావుకూ పిలిచే వాయిద్యానికి దొరకలేదు.

ఇక్కడొక సంగతి గట్టిగ చెప్పాలె. ఖ, ఘ, ఛ, ఝ, ఠ, ఢ, థ, ధ, ఫ, భ వంటి ఒత్తక్షరాలు అచ్చ తెలుగులో లేవు. ఇది మేము కోపంతో అంటున్న మాట కాదు. 19వ శతాబ్దంలో బాలవ్యాకరణం రాసిన చిన్నయసూరి సంస్కృతానికి 50 వర్ణాలు, ప్రాకృతానికి 40, తెలుగుకు 36 అని లెక్క కట్టిండు. వ్యాకరణవేత్తే 36 అంటే, బడి 56 పట్టుకొని కూర్చున్నది. మిగిలినవి సంస్కృతం మాటల వెంట వచ్చినవి. జగిత్యాల వాడలో పిల్ల బూమి అంటది, దనం అంటది, కత అంటది, సెనగలు అంటది. ఆమె నాలుకకు వచ్చిన లోపమేమీ లేదు, ఆమె తెలుగు ధ్వనులతో తెలుగు మాట్లాడుతున్నది. కాని బడిలో వినబడేది ఒక్కటే: ‘వీళ్ళకు నోరు తిరగదు.’ ఈ మాట కులం పేరు ఎత్తకుండనే కులం చెప్తది. అక్షరం గుర్తుపట్టిందా లేదా అని చూడాల్సిన పరీక్ష, నాలుక ఏ ఇంటిది అని చూసే పరీక్ష అయి కూర్చున్నది.

మహాప్రాణాలు వద్దని మేము అనడం లేదు. జై భీం అని రాయడానికి భ కావాలి. బుద్ధుడికి ధ కావాలి. భూమి పట్టాలో భ ఉంటది, ఆధార్‌లో ధ ఉంటది. మన పిల్లలకు అవి రావాలె. కాని మొదటి ఆరు నెలల్లో కాదు. వచ్చినప్పుడు కూడా బీం అని పలికి భీం అని రాయడం నేర్పితే సరిపోతది. నాలుకను కొట్టాల్సిన అవసరం లేదు.

ఇంతవరకు మాతో వచ్చిన ప్రగతిశీల మిత్రులు ఇక్కడ ఆగుతరు. అక్షరాలు కూడబలుక్కునుడు యాంత్రికం, అర్థం ముందు రావాలె, కథ నుంచి వాక్యం, వాక్యం నుంచి మాట, మాట నుంచి అక్షరం రావాలె అని వాళ్ళ వాదన. టీచర్ల శిక్షణల్లో ఈ మాట ఏండ్ల తరబడి విన్నం. దీని వెనక అమెరికాలో కెన్నెత్ గుడ్‌మన్ 1967లో చెప్పిన ఊహ ఉన్నది: చదవడమంటే ఊహించే ఆట, మంచి పాఠకుడు అన్ని అక్షరాలూ చూడడు, సందర్భాన్ని బట్టి ముందుకు పోతడు. వినడానికి బాగుంటది. కాని ఊహించాలంటే రాబోయే మాట ముందే చెవిలో ఉండాలె. రాత్రి పడుకునే ముందు పుస్తకం చదివి వినిపించే ఇంట్లో పిల్లకు పుస్తకం తెలుగు చెవిలో పడి ఉంటది. ‘అనగనగా ఒక అడవిలో’ అనంగనే ‘ఒక సింహం ఉండేది’ అని ఆ పిల్ల అందుకుంటది. కోరుట్లలో తల్లి ఒళ్ళో చాట పెట్టుకొని, తునికాకు కత్తిరించి తంబాకు నింపి దారం చుడుతుంటే పక్కన కూర్చున్న పిల్లకు కథలు తక్కువేం కాదు, కాని ఆ కథలు పుస్తకం తెలుగులో ఉండవు. బడి నేర్పకుండ వదిలిపెట్టిన దాన్ని ఒక ఇల్లు రాత్రిపూట నేర్పుతది, ఇంకో ఇల్లు నేర్పలేదు. ఊహతో చదివించే పద్ధతి మొదటి ఇంటిని నమ్ముకున్న పద్ధతి. దాన్ని ప్రజాస్వామిక పద్ధతి అనుడు మాకు వింతగ ఉంటది.

ఈ మాట ముందుగ చెప్పింది మేము కాదు. అమెరికాలో నల్లజాతి విద్యావేత్త లిసా డెల్పిట్ 1988లోనే ఒక వ్యాసంలో తెల్ల ఉదారవాద టీచర్లను ఇదే నిలదీసింది. అధికారంలో ఉన్నవాళ్ళ సంస్కృతికి కొన్ని నియమాలుంటయి, అవి ఇంట్లో దొరికిన పిల్లలకు బడి చెప్పకపోయినా నడుస్తది, దొరకని పిల్లలకు విప్పి చెప్పాలె అన్నది ఆమె వాదం సారం. నియమాలు విప్పి చెప్పకపోవుడును స్వేచ్ఛ అని పిలిస్తే, ఆ స్వేచ్ఛ ఖర్చు పేద పిల్లల మీద పడుతది.

పైగా మన లిపి ఇంగ్లీషు లిపి కాదు. అక్కడ 26 అక్షరాలు. ఇక్కడ హల్లులు 35 అనుకున్నా, ఒక్కోదానికి పన్నెండు గుణింత రూపాలంటే 420. ఒత్తులు వేరే. తెలుగు లిపికి చెల్లెలి వంటి కన్నడ లిపి నేర్చుకునే పిల్లల మీద సోనాలి నాగ్ పరిశోధన 2007లో వచ్చింది. అక్షరాలన్నీ పట్టుబడడానికి మూడు నాలుగు తరగతుల దాకా, ఇంకా ఆ తర్వాత కూడా పడుతదని అందులో తేలింది. అంటే మొదటి తరగతిలో గబగబ 56 దిద్దించి ‘అయిపోయింది’ అనుడు ఒట్టి మాట. అప్పటికి అయిపోయేది పిల్లల ఓపిక. ఇంత పొడుగు దారిలో పిల్ల వారం వారం ఏదో ఒకటి సొంతంగ చదివి ‘నాకు వచ్చింది’ అనుకోకపోతే మూడో తరగతిలోపే బడి మీద మనసు విరుగుతది. కూడబలుకు పాఠం ఇచ్చేది ముఖ్యంగ ఆ ధీమానే.

కాబట్టి మేము దీని పక్షం. అయినా ఈ పేరుతో వస్తున్న పాఠాల మీద మాకు పెద్ద పేచీ ఉన్నది.

మొదటిది, తలకాయ లేని వాక్యాలు. నేర్పిన అక్షరాలే వాడాలన్న నియమం పెట్టుకొని ‘జడ దండ గంప’ అని మాటలు పేర్చి దాన్ని పాఠం అంటే ఎట్ల? అక్షరం నియమం పాటించిండ్రు, మనిషిని మరిచిండ్రు. కర్ణాటకలో యాద్గిర్, మహారాష్ట్రలో వాడ తాలూకాల బడులను కొన్నేండ్లు వెంబడించి చూసిన లిరిల్ అనే పరిశోధన 2017లో వెలువడింది. తరగతి గదుల్లో ఎక్కువ కాలం అక్షరాలు వల్లె వేసుడు, చూసిరాత మీదనే పోతున్నదని, అర్థం గురించిన ముచ్చట తక్కువని అది చెప్పింది. యాద్గిర్ ఒకప్పుడు మనతోపాటు నిజాం రాజ్యంలోదే, అక్కడి మాట మనకు దూరపు మాట కాదు.

రెండోది ఇంకా లోతుది. కూడబలికిన మాట చెవిలో ఉన్న మాటను తాకితేనే చదువు అయితది. ఓ, డ కూడబలికి ‘ఓడ’ అన్న పిల్లకు సిరిసిల్లలో ఏమీ తగలదు, సముద్రం ఎక్కడో ఉన్నది. వి, మా, నం కూడబలికి చూడమనండి. జగిత్యాల, కోరుట్ల చుట్టుపక్కల గల్ఫుకు పోయిన తండ్రి ఉన్న ఇంట్ల ఆ మాట ఇట్టే వెలుగుతది. ‘వీసా’ ఇంకా తేలిక, రెండే అక్షరాలు, ఇంట్ల రోజూ వినబడేదే. సిరిసిల్ల పిల్లకు ‘సాంచ’ ఇవ్వండి, ‘కండె’ ఇవ్వండి, ‘నాడె’ ఇవ్వండి. ప్రభుత్వ బడి పిల్లల యూనిఫాం బట్టకు సిరిసిల్ల సాంచాలకే ఆర్డర్లిచ్చిన రాష్ట్రం మనది. పిల్ల ఒంటి మీదికి సాంచ బట్ట వచ్చింది, పలక మీదికి సాంచ అన్న మాట రాలేదు.

చెవి ఎంత పని చేస్తదో మన లిపిలోనే ఒక రుజువు ఉన్నది. చ అన్న ఒక్క అక్షరానికి తెలుగులో రెండు పలుకుబడులు. ‘చింత’లో ఒకటి, ‘చాట’లో ఇంకోటి. పాత పుస్తకాలు రెండోదానికి మీద గుర్తు పెట్టేవి, తర్వాత వదిలిపెట్టిన్రు. ఏ పిల్లా తికమక పడలేదు. ఎందుకంటే చాట ఆమె ఇంట్లది, అక్షరం చెప్పనిది చెవి చెప్పింది. మరి ఛత్రం, ఝషం వంటి పటం మాటల దగ్గర చెప్పడానికి చెవిలో ఏమున్నది?

యాస సంగతి కూడా ఇక్కడిదే. పుస్తకంలో ‘వచ్చాడు’ అని ఉంటే కరీంనగర్ పాత జిల్లా పిల్ల ‘అచ్చిండు’ అని చదువుతది. టీచరు తప్పు కొడతడు. కాని ఆలోచించండి, ఆ పిల్ల అక్షరాలు చూసింది, మాట పట్టుకున్నది, అర్థం చేసుకున్నది, తన నోటిలోకి మార్చుకొని మరీ చెప్పింది. చదవలేని పిల్ల చేయగల పని కాదిది. న్యాయంగ చెప్పాలంటే ఈ చూపు మనకు ఇచ్చింది కూడా ఆ గుడ్‌మనే. పిల్లల తప్పుల్లో తెలివిని చూడమన్నది ఆయనే. ఆయన పద్ధతిని కాదని, ఈ ఒక్క చూపును ఉంచుకోవచ్చు. అమెరికాలో మిషిగన్ రాష్ట్రం ఆన్ ఆర్బర్‌లో నల్లజాతి తల్లులు పిల్లల తరఫున బడి మీద కేసు వేస్తే 1979లో తీర్పు వచ్చింది. పిల్లల ఇంటి భాషను లెక్కలోకి తీసుకోకుండ చదువు నేర్పబూనడం వాళ్ళ చదువుకు అడ్డమని కోర్టు ఒప్పుకున్నది. ఇక్కడ అట్లాంటి కేసు వేయాలంటే ముందు ‘మాకూ ఒక భాష ఉన్నది’ అని ఒప్పించాలె.

అక్షరమూ బతుకూ కలిసిన పద్ధతి లేదా అంటే, ఉన్నది. బ్రెజిల్‌లో పాలో ఫ్రైరీ 1963లో ఆంగికోస్ అనే ఊళ్ళో మూడు వందల మంది కూలీలకు నలభై గంటల లెక్కన చదువు నేర్పిండు. ఆయన చైతన్యం గురించి మనవాళ్ళు చాలా రాసిండ్రు, అక్షరం దగ్గర ఆయన ఏం చేసిండో తక్కువ రాసిండ్రు. కూలీల మాటల్లోంచి ‘తిజోలు’, అంటే ఇటుక అన్న మాట తీసుకున్నడు. దాన్ని మూడు ముక్కలు చేసి ఒక్కో ముక్క కింద త గుణింతం, జ గుణింతం, ల గుణింతం వంటి వరుస పెట్టి, వాటిని కలిపి కొత్త మాటలు కట్టమన్నడు. మన గుణింతమే అది! మాటను ఏరుకునేటప్పుడు రెండు చూసేటోడు: అందులో బతుకు ఎంత ఉన్నది, ధ్వనులు ఎన్ని ఉన్నయి. రెండిట్లో ఏదీ వదల్లేదు. 1964లో సైన్యం రాజ్యం గుంజుకొని ఆయనను జైల్లో పెట్టి దేశం దాటించింది. అక్షరాలు నేర్పే వరుస రాజకీయం కాదనేటోళ్ళు ఈ సంగతి ఆలోచించాలె. మన దగ్గర కూడా 1990ల మొదట్ల నెల్లూరు జిల్లా అక్షరాస్యత వాచకంలో సారా మీద వచ్చిన పాఠం దూబగుంట ఆడవాళ్ళ చేతుల్లో ఉద్యమమయ్యింది, 1993లో సారా నిషేధం దాకా పోయింది. పెద్దల వాచకానికి అంత బలముంటే, పిల్లల వాచకాన్ని జడకూ దండకూ ఎందుకు వదిలిపెట్టాలె?

పని దగ్గరికి వస్తే చిక్కులు లేకపోలేదు. నియమం గట్టిగ పాటిస్తే అవ్వ, అయ్య, అక్క, అన్న, అమ్మ ఒక్కరూ మొదటి పాఠాల్లోకి రారు, అందరికీ ఒత్తులున్నయి. తల్లి లేని పాఠం పిల్లకు ఇస్తమా? మా ఆలోచన ఇది. త, న, మ, య, ల ఒత్తులు ఆకారం మారిపోతయి, వాటిని ఆలస్యంగ తేవచ్చు. ప, డ, గ, బ ఒత్తులు దాదాపు తలకట్టు తీసేసిన అసలు అక్షరాలే, చూపు పడంగనే పిల్ల పోల్చుకుంటది. వాటిని ముందుకు తేవాలె. అప్పుడు బిడ్డ వస్తది, గడ్డ వస్తది. ప కింద ప పెట్టిన పాఠం ఒక్కటి చాలు: ఉప్పు, పప్పు, కుప్ప, అప్పు, చెప్పు, డప్పు. వాడ బతుకు సగం ఆ ఒక్క ఒత్తు కింద ఉన్నది. ‘అమ్మ’ను మాత్రం నియమం తప్పించి, బొమ్మలాగ చూసి గుర్తుపెట్టుకునే మాటగ మొదటి రోజే ఇవ్వొచ్చు. ఒకటి రెండు మాటలకు ఆ మినహాయింపు ఇస్తే కొంపలు మునగవు.

యాసలో రాస్తే కూడా ఒక ఇబ్బంది. మన నోట్లో మాట నడుమ అచ్చు జారిపోయి ఒత్తులు పుడతయి. గటుక కాస్త గట్క అయితది. అందుకని మొదటి పాఠాల్లో క్రియలు తక్కువ పెట్టుకొని, పేరు మాటలతో నడిపించుడు మేలు. చ, త, క, ద, వ, డ, న, ప, ట, గ. పది హల్లులు. దీర్ఘం, గుడి, సున్న. మూడు గుర్తులు. వీటితోనే:

చింత కింద వాడ. వాడ నిండ పాట. గడి నిండ పగ. పాట గడిని దాటింది.

ఇందులో నేర్పని అక్షరం లేదు, లేని సంగతి కూడా లేదు. 1978 సెప్టెంబరు 7 నాటి జగిత్యాల జైత్రయాత్ర గురించి పిల్లకు అప్పుడే చెప్పాల్సిన పని లేదు, అడిగితే అవ్వ చెప్తది. లంద, మోట, ఆరె, కూలి, బాకి, దొర. ఇవన్నీ గుణింతం వస్తే చదవగల మాటలే. మన మాటలు కష్టమైనవన్నది అబద్ధం. కష్టమైనది యజ్ఞం.

ఇంగ్లీషు మీడియం వచ్చినంక ఈ గొడవ ఎందుకు అనేటోళ్ళున్నరు. 2022-23 నుంచి ప్రభుత్వ బడుల్లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లీషు మీడియం, ఒక పేజీ తెలుగు ఎదురు పేజీ ఇంగ్లీషు. మేము ఇంగ్లీషును కోరుకున్నవాళ్ళమే, ఇప్పుడూ వెనకకు పోము. కాని ఇంగ్లీషులో ఒకే ‘ఎ’ అక్షరం క్యాట్‌లో ఒక రకం, కేక్‌లో ఒక రకం, కాల్‌లో ఇంకో రకం. ఇంట్ల ఇంగ్లీషు లేని పిల్లకు అక్కడ విప్పి చెప్పుడు ఇంకా ఎక్కువ కావాలె. అక్షరం ధ్వనికి గుర్తు అన్న రహస్యం ఒక్కసారి తెలుగులో తెలిస్తే రెండో లిపికి అది పనికొస్తది. ఒక్కదాంట్లోనూ తెలియకపోతే రెండు పేజీలూ బొమ్మలే.

కూడబలుకు పాఠం చేతికర్ర వంటిది, నడక వచ్చినంక పడేయాల్సిందే. దాని పక్కన వినిపించే కథలు మొదటి రోజు నుంచీ ఉండాలె. చిందోళ్ళ ఆటలో, జాంబ పురాణంలో, ఒగ్గు కథలో ఉన్న తెలుగు ఏ వాచకానికీ తీసిపోదు. అన్వేషి సంస్థ 2008లో తెచ్చిన పిల్లల కథల వరుసలో గోగు శ్యామల వంటి రచయితలు వాడ పిల్లలను కథానాయకులను చేసిండ్రు. కాని ఆ పుస్తకాలు చదవడం వచ్చిన పిల్లకు. గోడ మీది పటానికీ ఆ పుస్తకాలకూ నడుమ రెండేండ్ల ఖాళీ ఉన్నది. మన కవులు, కథకులు ఎవరూ ఆ ఖాళీలోకి రాలేదు. పది అక్షరాలతో రాయడం చిన్నతనమనుకున్నరేమో. బీడీ కార్మికుల బతుకును ‘బతుకు పోరు’ నవలగా రాసిన బి.ఎస్. రాములు పుట్టిన జగిత్యాలలో బీడీ చుట్టే తల్లి బిడ్డకు తునికాకు అన్న మాట మొదటి తరగతిలో కనబడదు. తు, ని, కా, కు. నాలుగు అక్షరాలు, మూడు గుర్తులు, ఒత్తు లేదు. రెండో నెలలోనే పెట్టొచ్చు.